బఫూన్ పాపన్న మొగం కడుక్కున్న రోజు

అప్పటికింకా పందొమ్మిదివందల యాభైలు దాటలేదు. ధర్మవరంలో మగ్గం నేసే పాపన్న, నాటకమంటే చాలు, మొగానికి రంగు పూసుకుని బఫూన్ అయిపోయేవాడు. తెర వెనక రాజుగారు కిరీటం సర్దుకునేలోపు జనం లేచిపోకుండా నవ్వించడం అతని పని. నవ్వించేవాడు కూడా, అందులో అనుమానమేమీ లేదు. కానీ మహానుభావుడి నోటికి తాళం లేదు.

ఒకసారి హిందూపురంలో చెప్పడానికి ఇంకేమీ తోచక, పెండ్లాం నరసక్కను దించేశాడు. కండెలకు నూలు చుడుతుంటే పోగు తెగినప్పుడు ఆమె పళ్లు కొరకడం, మొగుణ్ణి గొణుగుతూ తిట్టడం, అన్నీ. జనం పడి పడి నవ్వారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నరసక్క మాత్రం నవ్వలేదు. ఆ ఆట ధర్మవరం దాకా పాకి, బావి దగ్గర ఆడవాళ్లు ఆమె ముందే పళ్లు కొరికి వెక్కిరిస్తుంటే, ఎవరికి మాత్రం ఉండబుద్ధవుతుంది? గోరంట్లకు, పుట్టింటికి వెళ్లిపోయింది.

తర్వాత ఏ ఊళ్లోనైనా జనం అదే ఆట అడిగేవాళ్లు. పాపన్న వేసేవాడు. సిగ్గు లేక కాదు, ఆమె మాట వినడానికి అతనికి మిగిలింది అదొక్కటే. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగక, చివరికి ఎక్కిళ్లలోకి దిగే ఆమె నవ్వు గుర్తొస్తే సంగటి ముద్ద పక్కన పెట్టి లేచిపోయేవాడు.

పెనుకొండ తిరునాళ్లలో, పొద్దు వాలుతుండగా, జనం నరసక్క ఆట కావాలని ఈలలేశారు. పాపన్న నోరు తెరవబోయి, పుట్టింటి వదినె పక్కన కూర్చున్న నరసక్కను చూశాడు. జనం వైపు తిరిగాడు.

"ఆ ఆట ఇంక ఎయ్యనబ్బా. అది నా పెండ్లాంది. అడక్కుండా ఎత్తుకొచ్చినా."

జనం ఊరుకుంటారా? మట్టిగడ్డలు, నమిలిన చెరుకు పిప్పి వచ్చి మీద పడ్డాయి. పాపన్న కదల్లేదు. పెండ్లాం లేనివాడు సంగటి కెలికే ఆట మొదలుపెట్టాడు. ఉండలు కట్టిన సంగటి, పొగకు కారే ముక్కు, పోగు తెగితే తిట్టేవాళ్లు లేక బిత్తరచూపులు. అరుపులే తప్ప నవ్వు లేదు. ఆ గోలలో ఆడవాళ్ల వైపు నుంచి ఒకే ఒక్క నవ్వు వినబడింది, చివర ఎక్కిళ్లతో.

ఆట ముగించి పరుగెత్తేసరికి ఆమె గోరంట్ల బస్సులో కూర్చుని ఉంది. కిటికీ పట్టుకుని ఇంటికి రమ్మని బతిమాలాడు. నరసక్క ఆ రంగు మొగాన్ని చూసింది.

"జనం ముందర చెప్తే సాలదు. మొగం కడుక్కోని, మా ఇంటికాడికి వచ్చి అడుగు."

బస్సు కదిలింది. ఆ పూటకు అదే ఆఖరుది. పాపన్న హోటలు నీళ్లతొట్టి దగ్గర మొగం రుద్దుకుని, చెవుల వెనక రంగు ఇంకా ఉండగానే, గోరంట్ల దారిలో నడక మొదలుపెట్టాడు.