ఇంకో ఏడాది

ఇంద్రజ ఒక్కో ఆల్చిప్పనూ స్కేలుతో కొలిచి, మళ్లీ ఇసుకలో నిలువుగా గుచ్చి, బొటనవేలితో మెల్లగా అదుముతుంది. ఆ అదమడం నేర్పింది మావోరీ పెద్దావిడ మెరెయానా ఆంటీ. చిప్పలు తరిగిపోతున్నాయని ఆ తెగవాళ్లే తినడానికి ఏరడం మానేసి, మళ్లీ ఎప్పుడు ఏరవచ్చో లెక్క కట్టమని పాపకూర అనే ఊరి నుంచి, సముద్రజీవుల చదువు చదివిన ఇంద్రజను పిలిపించుకున్నారు. నీళ్లు వెనక్కి తగ్గిన ప్రతిసారీ ఆంటీ వచ్చి అడిగేది: "ఇంకెన్నాళ్లే పిల్లా? మొదటిది నీకే పెడతా." రెండేళ్లు చాలని లెక్క తేలినా, ఎందుకైనా మంచిదని ఇంద్రజ మూడని రాసింది. "చదువుకున్నదానివి, నీ మాటే కానియ్" అంది ఆంటీ. ఆ మూడో ఏడు చలికాలంలో ఆంటీ పోయింది. ఏరడం మొదలైన రోజున ఆంటీ కూతురు ఉడికించిన చిప్పొకటి ఇంద్రజ చేతిలో పెట్టింది. "మొదటిది నీకేనని అమ్మ చెప్పిపోయింది." అలవాటుకొద్దీ ఇంద్రజ చెయ్యి జేబులోని స్కేలు మీదికి వెళ్లింది. సిగ్గేసి, వెనక్కి తీసుకుంది.