నీళ్లు గుర్తుపట్టని ముడి

నిన్న వనపర్తిలోని మా కొట్టుకు నాగర్‌కర్నూల్ నుంచి బస్సు పార్సిల్‌లో ఒక అట్టపెట్టె వచ్చింది. టేపు కోసి మూత తీయగానే ముందు సెంటు వాసన, దాని వెనకాలే, పిలవని చుట్టంలా, ఆముదం వాసన. ఇటలీ కంపెనీ వాళ్లు తమ చేతిసంచులకు ఆముదం రాయరు. అలా రాసే మనిషి నాకు తెలిసి ఒక్కడే, గద్వాల తిప్పన్న తాత. ఆయన పోయి నాలుగేళ్లయింది. వాసనకు ఆ కబురు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

వాడేసిన ఖరీదైన తోలుసంచులు కొని, బాగుచేసి, అమ్మడం నా పని. ఈ సంచిని ఏడేళ్ల కిందట నాగర్‌కర్నూల్‌లో పళ్ల డాక్టరమ్మకు అమ్మింది నేనే. ఇప్పుడామె దాన్ని మళ్లీ అమ్మిపెట్టమని పంపింది. లోపల ఒక చీటీ కూడా ఉంది. 'లోపలి మూల కుట్టు చేత్తో వేసినట్టు తెలిసిపోతోంది. కొనేవాళ్లు అనుమానపడతారు. విప్పించి మిషన్ మీద కుట్టించండి. మంచి ధర రావాలి.' న్యాయమైన కోరికే. కాకపోతే ఆ కుట్టు తాతది. ఆయన చేతిపనిలో నా దగ్గరికి తిరిగి వచ్చింది ఇదొక్కటే. మిగతావన్నీ ఎవరెవరి భుజాలకో వేలాడుతున్నాయి. దారం తెంపే చిన్న కత్తెర తీశాను. పక్కన పెట్టి టీ తాగాను. మళ్లీ తీశాను.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఇలాంటి సంచులమ్మే షాపులో రెండేళ్లు పనిచేశాను. షాపు మూతపడింది. అందులో నా పాత్ర లేదు, అంత సమర్థత నాకు లేదు. వచ్చేటప్పుడు ఎవరూ ముట్టని మూడు చిరుగు సంచులు తక్కువలో కొనుక్కుని గద్వాలకు వచ్చి, బస్టాండు ఎదురుగా చెప్పులు కుట్టే తిప్పన్న తాత ముందు పెట్టాను. ఆయన మొదటిదాన్ని తిరగేసి, మరగేసి, వాసన చూశాడు.

"ఎంతకు వోతది గిది?"

"బాగైతే లక్ష దాంక పోతది తాతా."

చేతిలో ఉన్న ఆరెను కింద పెట్టాడు. తోలుకు తూట్లు పొడిచే ఆ పనిముట్టును ఆయన కింద పెట్టడం పెద్ద సంగతి. "దీంట్ల ఏం వెడ్తరు?"

"ఫోను, పౌడరు డబ్బ, తాళంచెవి."

"గంతేనా! మా నాయిన బాయిల మోటకు తోలు బొక్కెన కుడ్తుండె. పొద్దూకే దాంక తోడితే ఎకరం తడుస్తుండె. దానికి జొన్నలిస్తుండ్రి, అవిగూడ దూరంకెల్లి ఒంచుతుండ్రి." సంచిని ఇంకోసారి తిరగేశాడు. "తోలంటే ముక్కు మూసుకున్నోల్లే ఇయ్యాల ఒల్లె వెట్టుకొని ఫోటువ దిగుతున్నరన్నట్టు. మంచిదే తియ్. తోలుకైనా పెద్దరికమొచ్చె."

సాయంత్రానికి కుట్టు పూర్తయింది. చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. దాహమేమోనని తెచ్చాను. ఆయన సంచి నోరు తెరిచి నీళ్లు వంచబోయాడు. నేను పెట్టిన కేకకు రాయచూరు బస్సు ఎక్కుతున్నవాళ్లు కూడా దిగి చూశారు.

"నీల్లు వట్టకుంటే అది కుట్టెట్లయితది?" అన్నాడు తాత, నిజంగానే అర్థంకాక.

బొక్కెన కుట్టిన ఇంట్లో పరీక్ష అదే మరి. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. సంచిని ఎండకెత్తి చూడాలి. సూది తొర్రల్లోంచి వెలుగు రాకపోతే నీళ్లు రానట్టే.

రెండో సంచి పిడి ఏళ్ల తరబడి చేతులు తగిలి తేనెరంగు నుంచి నల్లబెల్లం రంగుకు తిరిగింది. దాన్ని గీకి రంగు వేయమన్నాను, కొత్తదానిలా ఉండాలన్నాను. "గది మురికి గాదు బిడ్డా, చెయ్యి వట్టిన రంగు. డబ్బాల దొర్కదు. గీకినంక మల్ల రాదు," అన్నాడు. నేను బీకాం చదివాను, ఆయన చదవలేదు. కాబట్టి వాదనలో నేనే గెలిచాను. రంగు పడ్డాక సంచి పెళ్లికూతురిలా మెరిసింది. హైదరాబాద్‌లో తెలిసిన వ్యాపారి పిడిని గోటితో ఒక్కసారి మీటి సగం ధర చెప్పాడు. "మూల ఊడితే కుట్టండి, తోలు ఎండితే నూనె పెట్టండి. ముఖం మాత్రం మార్చకండి. మారిన ముఖం కింద ఏముందోనని అందరికీ అనుమానమే," అన్నాడు. అరుగుదల అలాగే ఉంచి, ఊడిన చోట మాత్రమే తాత కుట్టిన మొదటి సంచిని మాత్రం బేరమాడకుండా తీసుకున్నాడు. తిరిగొచ్చి జరిగింది చెప్పాను. 'నేను చెప్పలే?' అనే మాట కోసం సిద్ధంగా ఉన్నాను. ఆయన, "అన్నం తిన్నవా?" అని అడిగి, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ఆ మాటేదో అనేసి ఉంటే తేలిగ్గా పోయేది.

మూడో సంచి ఇదే. లోపలి మూలను నన్ను కుట్టనిచ్చాడు. మగ్గాల ఇంట్లో మిగిలిన పట్టుదారం, తోలు రంగుకు సరిపోయేది, వెతికి తెచ్చి మైనం పట్టించాడు. ఒకే తొర్రలో ఎదురెదురుగా రెండు సూదులు. చివరికొచ్చి, ఊడకూడదని గట్టిగా ముడి వేశాను.

"ముడేసినవా?" అన్నాడు, ఏదో దొంగతనం బయటపడ్డట్టు.

"ఊడకుంట ఉంటదని."

"ముడేస్తే నీల్లు గుర్తువడ్తయి బిడ్డా. ముందుగాల గాడ్నే చీకిపోతది. మూడు తొర్రలు ఎనక్కి కుట్టి ఇడ్చిపెట్టాలె. కుట్టును కుట్టే వట్టుకుంటది."

"ఈ సంచిల నీల్లేడికెల్లి వస్తయి తాతా?"

"నీల్లు యాడికైనా వస్తయి. నువ్వు పో, నేను ఇప్పి మల్ల కుడ్త."

మర్నాడు అడిగితే, తలెత్తకుండా, "కుట్టిన తియ్," అన్నాడు.

తర్వాత నేను వనపర్తికి మారాను. సంచులు బస్సులో ఆయనకు పంపేదాన్ని, కుట్టించుకుని తెప్పించుకునేదాన్ని. ఒకసారి ఒక సంచి కుట్టకుండానే తిరిగొచ్చింది. తాత దవాఖానలో ఉన్నాడన్నారు. ఆదివారం వెళ్దామనుకున్నాను. ఆదివారం వచ్చింది. ఆయన మాత్రం అప్పటిదాకా ఆగలేదు.

నిన్న చివరికి సంచి లోపలి బట్టను తిరగదీసి, తెంపడానికి కుట్టు కొస వెతికాను. మూడు తొర్రల వెనక్కుట్టు లేదు. అక్కడ ఒక ముడి ఉంది. లావుగా, వంకరగా, బీకాం చదివిన ముడి. తాత విప్పలేదు. ఏడేళ్లుగా ఆయనదనుకున్న కుట్టు నాది. కత్తెరను పెట్టెలో వేసి డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"మేడం, ఆ కుట్టు ఇప్పను. ఇప్పితే లోపలంత మార్చిండ్రని ధర ఇంకా పడిపోతది. చేతికుట్టని చెప్పి అమ్మితే కొంచమే తగ్గుతది."

"మరి ఊడదని గ్యారంటీ ఏంది?"

"ఏడేండ్లు వాడింది మీరే గద."

"నిజమే. ఒకపారి దాంట్ల నీల్ల సీస మూత ఊడి అంత కారిపోయింది. నేను పరేషానయిన. కింద మాత్రం ఒక్క చుక్క వడలే. సరే, మీ ఇష్టం."

అమ్మకానికి పెట్టేటప్పుడు ఆ మూలకు కూడా ఫోటో తీశాను. కింద రాశాను: 'చేతికుట్టు, గద్వాల పని. చివర ఒక ముడి ఉంది. కుట్టినవారు అప్పట్లో కొత్త.'

నేనిప్పుడు ముడి వేయను. మూడు తొర్రలు వెనక్కి కుట్టి వదిలేస్తాను, పక్కన ఎవరో చూస్తున్నట్టు. పెట్టెలో సర్దే ముందు అలవాటుగా సంచిని ఎండకెత్తాను. ఎక్కడా వెలుగు రాలేదు. కొట్టులో ఎవరూ లేరు కాబట్టి పైకే అన్నాను.

"నీల్లొచ్చినయంట తాతా. గుర్తువట్టలేదు."