అవ్వ బొమ్మ, తాత చెయ్యి

మా అవ్వ బొమ్మను నేను మొదలు చూసింది కోస్గిల, ఒక ఎరువుల దుకాణం గోడ మీద. అప్పుడు నేను పాలమూరుల డిగ్రీ చదువుతున్న. సెలవులకు ఇంటికొచ్చి, ఆముదం విత్తనాల కోసం దుకాణానికి పోయిన. సేటు సంచి మూతి కడుతుంటే తలెత్తి చూసిన. కొత్త క్యాలెండర్. దాని మీద మా అవ్వ! చంకల గొర్రెపిల్ల, నొసటికి ఇంత బొట్టు, చేతుల నిండ గాజులు, పండ్లన్నీ కనపడేటట్టు నవ్వు. కింద ఏదో ఎరువు పేరు.

మా తాత చచ్చిపోయి అప్పటికి ఏడాది గూడ కాలే. అవ్వ నొసట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు.

"సేటూ, గీమె మా అవ్వ," అన్న.

ఆయన బిత్తరపోయిండు. "కసం బిడ్డా, నాకు తెల్వదు. కంపెనీవాళ్లు అన్ని దుకాణాలకు పంచిండ్రు," అని క్యాలెండర్ తీసి, చుట్టి, నా చేతుల పెట్టిండు.

ఇంటికొచ్చి అవ్వ ముందట పరిచిన. అవ్వ చెయ్యి తెల్వకుండనే నొసటి మీదికి పోయింది.

"గీ బొట్టు చూసి ఊరోళ్లు ఏమనుకుంటరే? నేనెన్నడు గిసొంటి పచ్చచీర గూడ కట్టలే," అన్నది. చానాసేపు చూసి, బొమ్మ అంచు మీద వేలు పెట్టింది. అక్కడ గొర్రెపిల్ల వీపు మీద ఒక చెయ్యి ఉన్నది. చిటికెనవేలు వంకర.

"గిది మీ తాత చెయ్యి."

అప్పుడు యాదికొచ్చింది. అంతకుముందు ఏడాది గొర్రెల సంతల పాలమూరు ఫొటోలాయన వీళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసిండు. మళ్ల సంతకు కాపీ తెస్తనన్నడు. తేలే. తాత బతికున్నన్ని రోజులు ఎదురుచూసిండు. ఇంట్ల ఆయనది ఒక్క ఫొటో లేదు. ఇప్పుడైతే ఫోన్లల్ల ఎవరి ఫొటో ఎవరెత్తుకపోయి ఏడ పెడుతున్నరో అడిగేటోళ్లు లేరు. అప్పుడు మా అసొంటోళ్లకు ఫొటో అంటేనే పండుగ.

"పా పోదాం," అన్నది అవ్వ. తెల్లారి బస్సెక్కినం.

పాలమూరుల గడియారం చౌరస్తా కాడ ఆ ఫొటోలాయన స్టూడియో దొరికింది. ఆయన అవ్వను చూడంగనే గుర్తుపట్టిండు. నేను క్యాలెండర్ పరిచి, మమ్ములను అడగకుండ ఎట్లిచ్చినవని అడిగిన.

"ఫొటో తీసింది నేను. దాని మీద హక్కు నాదే చెల్లే. క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సోళ్లు అడిగిండ్రు, ఇచ్చిన. రంగులు వాళ్లే అద్దుకున్నరు."

అవ్వ గట్టిగ మాట్లాడలే. "తీసింది నువ్వే బిడ్డా, కాదంటలే. గని మొఖం నాదిగద. ఒక్కమాట అడుగకపోతివి. నా పక్కన ఆయన గూడ ఉండె. ఆయననెందుకు కోసిండ్రు?"

"వాళ్లకు నీ నవ్వు, గొర్రెపిల్ల చాలన్నరు."

"ఆయన ఇప్పుడు లేడు బిడ్డా."

స్టూడియో ఆయన లేచిండు. అట్టపెట్టెలు దించి, నెగెటివ్‌లు ట్యూబులైటుకు పెట్టి చూసుడు మొదలుపెట్టిండు. నేను గూడ చూసిన. అండ్ల మనుషుల మొఖాలు నల్లగ, వెంట్రుకలు తెల్లగ. ఆఖరికి దొరికింది. చీకటి గదిలకు పోయి, కొద్దిసేపటికి తడి ఆరని ఫొటో తెచ్చి అవ్వ చేతుల పెట్టిండు.

భుజం మీద గొంగడి, తలకు రుమాలు. తాత కెమెరా దిక్కు చూస్తలేడు, అవ్వ దిక్కు చూస్తున్నడు.

"నన్ను చూస్తుండె," అన్నది అవ్వ మెల్లగ. "నాకు తెల్వనే తెల్వదు."

స్టూడియో ఆయన అడిగిండు. "అవ్వా, దీన్ని పెద్దగ చేసి బయట అద్దాలల్ల పెట్టుకోనా?"

"వద్దు బిడ్డా. గిది మా ఇంట్ల ఉంటది."

"సరే అవ్వా," అన్నడు. తర్వాత కాలేజీకి పోయేటప్పుడల్లా ఆ అద్దాల దిక్కు చూసేదాన్ని. పెండ్లిజంటలు, చంటిపిల్లలు ఉండేటోళ్లు. మావోళ్లు ఎన్నడు కనపడలే.

క్యాలెండర్లు మాత్రం ఆ ఏడంతా దుకాణాలల్ల వేలాడినయ్. అవ్వ సిగ్గుపడి కొన్నాళ్లు సంతకు పోలే. మళ్ల తనే పోయింది. "క్యాలెండర్ మీద ఉన్నది నువ్వేనా?" అని అడిగినోళ్లకు, "నేనే. పక్కన మా ఆయన గూడ ఉండె," అని చెప్పుకుంట గొర్రెలమ్మింది.