మళ్ళీ కలవదని నేను చెప్పిన గీత

నాకు లెక్కలంటే భయం. లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి ఈ మాట అంటే నవ్వుతారు గానీ, నిజం. డెబ్బైల్లో బీయస్సీ థర్డ్ క్లాసులో గట్టెక్కి, గన్నవరంలో ఏడాదిపాటు ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు తిని, చివరికి బెజవాడలో ఓ ట్యుటోరియల్లో మాస్టారుగా కుదిరాను. ఇంటర్ తప్పినవాళ్ళని సెప్టెంబరు పరీక్షకి తయారుచెయ్యడం మా పని. నాలాంటివాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదని మా నాన్న అన్నాడు. దెప్పాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలీదు.

ట్యుటోరియల్ ఓ మేడ మీద ఉండేది. గదికీ గదికీ మధ్య గోడల్లేవు, అట్ట తడికలు. మేం ప్రిన్సిపాల్ గారని పిలిచే యజమాని కుర్చీ సరిగ్గా నా బోర్డు వెనక, తడికకి అవతల. ఆయన దగ్గితే నా చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. చేరిన రోజునే ఒక మాట చెప్పాడాయన.

"బోర్డు మీద రాసింది పిల్లల ముందు తుడిచి దిద్దకూడదండీ. మాస్టారు తప్పు చేశాడని తెలిస్తే రోడ్డు దాటి అవతల ట్యుటోరియల్లో చేరతారు."

నాకు ముందున్న మాస్టారు ఓ మైనస్ గుర్తు దిద్దిన పాపానికి నెలాఖరు కాకుండానే ఇంటికెళ్ళాడట. ఆ కథ నాకు చెప్పనివాడు లేడు.

బోర్డు కూడా నాది సగమే. ఎడమ సగంలో ఫిజిక్సు మాస్టారి ఇంపార్టెంటు ప్రశ్నలు, వాటి కింద పెద్ద అక్షరాలతో 'తుడపరాదు'. గ్రాఫు గియ్యాల్సి వస్తే నిలువు గీతని నా సగానికి ఎడమ అంచున, అడ్డగీతని బోర్డు అడుగున పెట్టి, ప్లస్ అంకెలున్న ఆ ఒక్క మూలే గీసేవాణ్ణి. మైనస్ వైపు వక్రం ఎటు పోతుందో నా క్లాసులో ఎవరూ చూడలేదు. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ చూడలేదు.

ఆ క్లాసులో ఒకాయన నాకన్నా పదేళ్ళు పెద్ద. ఏలూరు కాలువ మీద లస్కరు. లాకుల దగ్గర నీటిమట్టం చూసి రాయడం, తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. గుణదల నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఇంటర్ పాసైతే వర్క్ ఇన్‌స్పెక్టరుగా వేయిస్తానని పై ఆఫీసరు మాటిచ్చాడు. మిగతా సబ్జెక్టులన్నీ అయిపోయి లెక్కలొక్కటే మిగిలింది. ఆ ఏడు దాటితే ఆ పోస్టుకి వయసు దాటిపోతుంది. అంటే ఆ సెప్టెంబరే ఆయనకి ఆఖరు.

ముందు బెంచీలో ఆయనొక్కడే కూర్చునేవాడు. ఆయన్ని చూస్తే నాకు భయం. మిగతావాళ్ళు చెప్పింది రాసుకుంటారు. ఈయన ఆలోచిస్తాడు.

డిఫరెన్సియేషన్ మొదలుపెట్టిన రోజున సూత్రం రాసి, హెచ్ సున్నా కాదు గనక దాన్ని పైనా కిందా కొట్టేశాను. తర్వాత హెచ్‌కి సున్నా వేసి జవాబు తేల్చాను. నేను చదువుకున్నప్పుడు మా మాస్టారూ అంతే చేశాడు.

"మాస్టారూ, ఇందాక సున్నా కాదన్నారు కదండీ. మళ్ళీ దాన్నే సున్నా చేశారేంటండీ?"

తడిక వెనక కుర్చీ కిర్రుమంది. పరీక్షలో అలాగే రాయాలండీ అన్నాను. ఆయన తనలో తను మాట్లాడుకున్నట్టు మొదలుపెట్టాడు.

"నీటిమట్టం చూసే మా గేజీ లాంటిదేనేమోనండీ. ఆరింటికి ఓసారి చూస్తా, ఎనిమిదింటికి ఓసారి చూస్తా. ఎక్కిన నీళ్ళని రెండుతో భాగిస్తే గంటకింత అని వస్తుంది. సరిగ్గా ఆరింటప్పుడు ఎంత జోరుగా ఎక్కుతుందో కావాలంటే? ఆ రెండోసారి చూడ్డాన్ని ఆరింటికి దగ్గరగా, ఇంకా దగ్గరగా జరుపుకుంటూ రావాలి. రెండూ ఒకటైపోతే ఇంక భాగించడానికి ఏముంటుంది? అందుకని ఒకటి కానివ్వకుండానే, లెక్క ఏ అంకె మీదకి పోతుందో చూసుకోవాలి. అంతేనాండీ?"

"అంతే" అన్నాను. బట్టీపట్టి పాసైన నాకు ఆ పాఠం ఆ నిమిషాన తెలిసింది. సంతోషించాల్సింది పోయి హడలిపోయాను. ఈయన ఏదో ఒకరోజు నన్ను నలుగురిలో నిలబెట్టేస్తాడనిపించింది.

మర్నాడు స్పర్శరేఖలు. ఎక్స్ క్యూబ్ వక్రం గీసి, దాని మీద ఒకటి కామా ఒకటి బిందువు దగ్గర వాలు మూడని తేల్చి, ఆ వాలుతో గీత గీశాను. నాకున్న ఆ మూలలో గీత వక్రాన్ని ఒక్కచోట తాకి, దాని కిందుగా పోయింది. ఆయన చెయ్యెత్తాడు.

"ఈ గీత ఇలా పోయి పోయి మళ్ళీ ఎక్కడన్నా వక్రాన్ని తగులుతుందాండీ?"

హైస్కూల్లో వృత్తానికి చెప్పిన మాట నాకు బాగా గుర్తు. ఈసారి దొరికిపోనని ధైర్యం వచ్చింది. తడిక అవతలికి కూడా వినబడేట్టు గట్టిగా చెప్పాను.

"స్పర్శరేఖ ఒక్కచోటే తాకుతుంది. మళ్ళీ కలవదు. రాసుకోండి."

ఆయన రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాడు.

పరీక్షలు వారంలో పడ్డాయనగా, గన్నవరం నుంచి వస్తూ బస్సులో పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తున్నాను. అందులో ఓ ప్రశ్న: ఎక్స్ క్యూబ్‌కి ఒకటి కామా ఒకటి వద్ద గీసిన స్పర్శరేఖ వక్రాన్ని మళ్ళీ ఖండించే బిందువును కనుక్కోండి. అచ్చుతప్పనుకున్నాను. ఎందుకైనా మంచిదని పత్రం వెనక పెన్సిలుతో చేసి చూశాను. మైనస్ రెండు కామా మైనస్ ఎనిమిది వచ్చింది. ఇంకోసారి చేశాను. అదే వచ్చింది. గీతకి అడ్డేమీ లేదు. ఎడమవైపుకి వెళ్ళి, కిందికి దిగి, నేనెప్పుడూ గియ్యని చోట వక్రాన్ని శుభ్రంగా కోసుకుంటూ పోయింది. పత్రం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ అయిదు రోజులు గడిపాను. నోరు తెరిచేసరికి తడిక వెనక దగ్గు వినపడేది. మళ్ళీ మూసేవాణ్ణి. ఆఖరి క్లాసులో మాత్రం, ముందు చెప్పింది తప్పని అనకుండా, కొత్త లెక్క చెబుతున్నట్టు దాన్ని గబగబా చేసి రాసుకోమన్నాను. ఒక్కడూ తలెత్తలేదు. ముందు బెంచీ ఖాళీగా ఉంది. ఎగువన వానలు, కాలువకి నీళ్ళు ఎక్కువగా వస్తున్నాయి, ఆయనకి సెలవు దొరకలేదని ఎవరో చెప్పారు.

హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసి, సైకిలు అద్దెకి తీసుకుని లాకుల దగ్గరికి బయల్దేరాను. అక్కడ తడిక లేదు, దగ్గు లేదు, ఇద్దరమే ఉంటాం, రెండు ముక్కలు చెప్పి వచ్చేద్దామనుకున్నాను. తుంపరలో, గేజీ దగ్గర నోటుబుక్కుతో ఉన్నాడాయన. నన్ను చూసి పరుగున వచ్చాడు.

"నాకోసం వచ్చారా మాస్టారూ! ఇంతదూరం!"

పక్కనున్న మనిషిని పిలిచి నన్ను చూపించాడు. మా మాస్టారు అన్నాడు. ఆయన మొహం చూశాక తప్పు చెప్పానన్న మాట ఎక్కడో గుండెల్లోనే ఉండిపోయింది. కంగారుపడకుండా రాయండి, నేను చెప్పినవి ఓసారి చూసుకోండి అన్నాను. నేను చెప్పినవి అట! సైకిలు ఎక్కి తిరిగొస్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. వెనక్కి మాత్రం తిప్పలేదు.

లెక్కల పరీక్ష రోజున హాలు బయట నిలబడ్డాను. ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

"పది మార్కుల ప్రశ్నొకటి మనల్ని బోల్తా కొట్టించాలని ఇచ్చారండీ. స్పర్శరేఖ మళ్ళీ ఎక్కడ కలుస్తుందని. కలవదని రాసేశా. లెక్క కూడా చెయ్యలేదు."

"బాగానే రాశారండీ" అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

ఫలితాలు పేపర్లో పడ్డాయి. ఆయన నంబరు కోసం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను. లేదు. నాలుగు రోజుల తర్వాత ట్యుటోరియల్‌కి వచ్చాడు. క్లాసులు లేని పూట, తడిక వెనక కుర్చీ కూడా ఖాళీ.

"ఉద్యోగం సంగతి అయిపోయిందండీ. వేరే ఆయన్ని వేశారు. అన్నీ బాగానే చేశాననుకున్నా. తప్పెక్కడుందో తెలుసుకుని పోదామని వచ్చా. మీరు చెప్పినదాంట్లో ఉండదులెండి, నేనే ఎక్కడో పొరపడి ఉంటా."

గ్రాఫు కాగితం తీసి ఆయన చేతే గీయించాను, ఈసారి నాలుగు వైపులా. వక్రం గీశాడు. స్పర్శరేఖ గీశాడు. స్కేలు జరిపి ఎడమకి, కిందికి పొడిగించాడు. రెండూ కలిసిన చోట పెన్సిలు ఆగింది.

"మీకిది ఎప్పుడు తెలిసిందండీ?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. "పరీక్షకి వారం ముందు."

"అంటే లాకుల దగ్గరికి వచ్చిన రోజున..."

"తెలుసు."

"మరి చెప్పలేదేమండీ?"

"భయమేసింది."

"ప్రిన్సిపాల్ గారంటేనా?"

"ఆయనంటేనూ. లాకుల దగ్గర మాత్రం, మిమ్మల్ని చూసి."

ఆయన తలెత్తి నావంక చూశాడు. కోప్పడతాడని ఎదురుచూశాను. ఆ కోపం నాకు కావాలి కూడా. ఆయన మొహంలో కోపం లేదు. నేనేదో అర్థంకాని లెక్క ఇచ్చినట్టు చూస్తున్నాడు.

"నన్ను చూసా? లస్కరునండీ నేను. ఇంతవరకూ నన్ను చూసి ఎవరూ భయపడలేదండీ."