రెజిమెంటు ఎవరి కొడుకు?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. (ఉద్యోగం కొత్త కదా, ఎవరేం అడిగినా తెలుసన్నట్టే ఉండేవాణ్ణి.) వైరా నుంచి వెళ్ళి, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఊళ్ళో పంచాయతీ సెక్రటరీగా చేరిన కొత్తలో, మిలిటరీలో చేసి వచ్చిన సుబేదార్ చాచా నా దగ్గరికి వచ్చాడు. "బేటా, మా రెజిమెంటు యాదికి బస్టాపు కాడ రాయి నిలబెడ్త. జాగ ఇప్పియ్యి చాలు" అన్నాడు. ఓస్, అంతేగా అనుకున్నాను.

గ్రామసభలో సంగతి చదవగానే వెనక నుంచి ఒకాయన లేచి, "గా రెజిమెంటు ఎవరి కొడుకు? ఎప్పుడు పోయిండు?" అన్నాడు.

"మనిషి కాదు, పటాలం."

"పటాలమంత పోయిందా?"

"లేదు, ఉంది."

"ఉన్నోళ్ళకు రాయేంది సారూ?"

నాకూ అనుమానమొచ్చి చాచా వైపు చూశాను. "పోయినోళ్ళు పోయిన్రు, ఉన్నోళ్ళు ఉన్నరు, రెజిమెంటు ఎప్పటికీ ఉంటది" అన్నాడాయన. దాంతో అంతో ఇంతో అర్థమైనవాళ్ళు కూడా అయోమయంలో పడ్డారు. ఆఫీసులాంటిదని నేను సర్దిచెప్పబోతే, "ఆఫీసుకు సమాధి కడ్తరా?" అని సర్పంచమ్మే అడిగింది.

చాచా మొహం చిన్నబోయింది. "నాతోని బువ్వ తిన్నోళ్ళను నా తర్వాత ఎవరు యాది చేస్తరు?" అంటూ తువ్వాలు దులిపి లేచాడు.

అప్పుడు బస్టాపులో జామపండ్లు అమ్మే అవ్వ నోరు విప్పింది. "రెజిమెంటో ఏందో నాకెర్క లే. మా ఆయన సుబేదారన్నతోని పోయిండు. అన్న వచ్చిండు, ఆయన రాలే. రాయి పెట్టుండ్రి." సర్పంచమ్మ తీర్మానం పుస్తకం ముందుకు లాక్కుని సంతకం పెట్టింది.

రాయి నిలబెట్టిన రోజు అవ్వ దానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టింది. చాచా సెల్యూట్ చేశాడు. అంతలో పర్ణశాల యాత్రికుల బస్సు ఆగింది. "ఇక్కడ ఏ దేవుడండీ?" అని దిగారు. దేవుడు కాదు, మనిషి కాదు, సమాధి అసలే కాదంటూ నేను చెమటలు కక్కుతూ వివరించాను. వాళ్ళు ఓపిగ్గా విని, చెప్పులు విడిచి, దండం పెట్టి బస్సెక్కారు.

ఇప్పటికీ ఆ దారిన వెళ్తుంటే రాయి మీద పసుపు కనిపిస్తుంది. అంతసేపు వివరించిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. చెప్పులు విడవాలని మాత్రం ఆ రోజు వాడికి తోచలేదు.