తప్పు చెప్పానని చెప్పడానికి వచ్చిన మనిషి

మాదాపూర్‌లో హాస్టళ్ల సందులో మా కుట్టు కొట్టు. మా అంటే నాదీ, అక్కదీ. అక్క నాకు చుట్టమేం కాదు. ఆమెది పాలమూరు వైపు పల్లె, మాది అనంతపురం. ఇద్దరం ఒక గార్మెంట్ యూనిట్‌లో పక్కపక్క మిషన్ల మీద పనిచేశాం. ఆ యూనిట్ మూతపడిన రోజు గేటు బయట నిలబడి నేను ఏడుస్తుంటే, "ఏడ్చుడెందుకు చెల్లె, ఇగ మనమే పెట్టుకుందాం. ఎన్నాళ్లని ఒకళ్ల కింద చేస్తం?" అంది. అలా మొదలైంది.

నేను జాకెట్లు, డ్రెస్సులు కట్ చేసి కుట్టేదాన్ని. అక్క ఆల్టరేషన్లు చూసేది. జీన్స్ పొడవు తగ్గించడం, కుర్తీ సైడ్లు పట్టడం, పాడైన జిప్పు మార్చడం లాంటి పనులన్నీ ఆమెవే. ఆమె మిషన్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. ఆఫీసు నుంచి వచ్చే హాస్టల్ పిల్లలు బట్ట ఇచ్చి అందులో కూర్చుంటే ఇక లేచేవారు కాదు. ఒక పిల్ల మేనేజరు అన్న మాట చెప్పుకుని కళ్లు తుడుచుకునేది, ఇంకో పిల్ల ఇంట్లో చూసిన సంబంధం గురించి గొణిగేది. అక్క దారం పళ్లతో తెంపుతూ, "గంత పరేషాన్ ఎందుకు బిడ్డా? ముందుగాల చెప్పు, తిన్నవా లేదా?" అనేది.

కొట్టు బాగానే నడుస్తోంది కానీ నాకు ఎక్కడో ఆశ ఉండేది. ఇంకాస్త పెద్దగా, మంచి అద్దాలతో, బయటికి కనబడే బొమ్మలకి పట్టు జాకెట్లు తొడిగి పెట్టుకోవాలని. ఆ రోజుల్లోనే మా దగ్గర కుట్టించుకునే ఒకావిడ నన్ను ఒక మీటింగ్‌కి తీసుకెళ్లింది. చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లకి, మగవాళ్లకి సలహాలిచ్చే మేడమ్ ఒకావిడ శనివారాలు పెట్టే మీటింగ్ అది. మేడమ్‌ది కృష్ణా జిల్లా. పెద్ద ఐటీ కంపెనీలో ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చారు. మాట స్పష్టంగా, మెత్తగా ఉండేది. నా వంతు వచ్చినప్పుడు, "మీ కొట్టు ఎలా ఉండాలని మీకు ఉందండి?" అని అడిగారు. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. జవాబు చెప్పబోయి ఏడ్చేశాను. ఆమె నీళ్ల గ్లాసు అందించి, నేను తాగేదాకా ఆగారు. ఆ రోజే ఆమె మీద నాకు గురి కుదిరింది.

కొన్ని వారాలకి ఆమె తన సలహా చెప్పారు. "ఆల్టరేషన్లు మానేయండి. మీ సమయమంతా వాటికే పోతోంది. పెళ్లి జాకెట్లు మాత్రమే తీసుకోండి. బోర్డు కూడా బొటిక్ అని మార్చేయండి" అన్నారు. ఇంకో బొటిక్ ఇలాగే పెరిగిందని ఉదాహరణ కూడా చెప్పారు. అప్పటికి ఆమె మా కొట్టు చూడలేదు. వచ్చి చూడమని అడగాలని నాకూ తోచలేదు.

అక్కకి చెప్పాను. ఆమె మిషన్ ఆపి అంతా విన్నది. "నీకు మంచిగనిపిస్తే చెయ్యి చెల్లె" అంది. జాకెట్లకి హుక్స్ కుట్టడం, చేత్తో లైనింగ్ పట్టడం ఆమె చూసుకుంటుందని అనుకున్నాం. కొన్నాళ్లు అలాగే చేసింది. కొట్టులో ఆమె మాట మాత్రం తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం తన కత్తెర పాత గుడ్డలో చుట్టుకుని, "ఈడ నాకు పనేమున్నది? ఇంట్లనే ఏమన్న కుట్టుకుంట" అని చెప్పులు వేసుకుంది. నేను చేయి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది. పోట్లాడి వెళ్లినా బాగుండేది. సందు చివర షేర్ ఆటో ఎక్కేదాకా ఆమె వెనక్కి చూడలేదు.

మొదట్లో పెళ్లి జాకెట్లు బాగానే వచ్చాయి. మేడమ్ తరఫువాళ్లు వచ్చి నా వీడియో తీశారు. అందులో నేను కొత్త చీర కట్టుకుని, మేడమ్ మాట విన్నాక నా జీవితం మారిపోయిందని నవ్వుతూ చెప్పాను. ప్రతి మీటింగ్‌లో ఆ వీడియో వేసేవారట. తర్వాత మూఢం వచ్చింది, పెళ్లిళ్లు ఆగాయి, ఆర్డర్లూ ఆగాయి. మూఢం పోయాక కూడా రాలేదు. హాస్టల్ పిల్లలు గుమ్మం దాకా వచ్చి, ఆల్టరేషన్లు చేయబడవని నేను అంటించిన కాగితం చదివి వెళ్లిపోయేవారు. పగలంతా కొట్టులో ఫ్యాను చప్పుడొక్కటే.

మేడమ్‌కి ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. అందరి ముందూ గెలిచానని చెప్పుకున్న మనిషిని, ఇప్పుడేమని చెప్పను? శనివారాలు వెళ్లడం మానేశాను. చివరికి ఆమే ఫోన్ చేశారు.

"కనబడటం లేదు, ఒంట్లో బాగుందా అండీ?"

ఆ ఒక్క మాటకి ఉన్నదంతా చెప్పేశాను. ఇంకొంచెం ఓపిక పట్టమంటారని అనుకున్నాను. ఆమె మాత్రం, "రేపు మీ కొట్టుకి రావచ్చా?" అన్నారు.

వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. ఒక పిల్ల కుర్తీ సంచీతో వచ్చి, లోపలికి తొంగి చూసి, "పెద్దాంటీ ఇంకా రాలేదా?" అని అడిగి వెళ్లిపోయింది. కాసేపటికి ఇంకో పిల్ల వచ్చి అదే మాట అడిగింది.

మేడమ్ నా వైపు తిరిగారు. "ఇదివరకు పెళ్లి జాకెట్లు మీకు ఎవరిచ్చేవారండి?"

"ఈ పిల్లలే మేడమ్. పెళ్లి కుదరగానే అక్కకి చెప్పడానికి వచ్చేవాళ్లు. ఆ నోటితోనే జాకెట్లు మేమే కుట్టాలనేవాళ్లు."

ఆమె టీ గ్లాసు కింద పెట్టేశారు. "ఈ మాట నేను మొదటే అడగాల్సింది" అన్నారు. ముఖం కందిపోయింది. "మీ కొట్టు చూడకుండా చెప్పాను. ఎక్కడో ఎవరికో పనికొచ్చిన మాట తెచ్చి మీ నెత్తిన పెట్టాను. నేను తప్పు చెప్పానండి."

నాకు ఆమెను చూస్తే జాలేసింది. "మీరేం చేస్తారు మేడమ్, నా టైమ్ బాగాలేదు" అన్నాను.

"టైమ్ మీదికి తొయ్యకండి. నన్ను అలా తప్పించకండి" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, బతిమాలుతున్నట్టుంది. వీడియో ఆ రోజే తీసేయిస్తానన్నారు. అక్కడే కూర్చుని ఫోన్ చేసి తీసేయించారు కూడా. తర్వాత, "ఆ అక్కగారు ఎక్కడుంటారు? నేను ఆమెతో మాట్లాడాలి" అన్నారు.

కొట్టుకి తాళం వేసి ఇద్దరం నానక్‌రామ్‌గూడ వెళ్లాం. టవర్ల మధ్య నుంచి లోపలికి దారి తీస్తే పాత ఊరి సందులు. అక్కది కిరాయి గది. కిటికీ పక్కన మిషన్ వేసుకుని ఎవరిదో స్కూల్ యూనిఫాం కుడుతోంది. నన్ను చూసి లేచింది, వెనకాల మేడమ్‌ని చూసి పైట సర్దుకుంది.

అక్క కూర్చోమన్నా మేడమ్ కూర్చోలేదు. "అమ్మా, ఆల్టరేషన్లు మానేయమన్నది నేను. మీరున్నారని, మీ పని విలువేంటని కనుక్కోకుండా చెప్పాను. మీ ఇద్దరినీ విడదీసింది నా మాటే. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని వచ్చాను" అన్నారు. చివరికొచ్చేసరికి మాట తడబడింది.

అక్క ఆమె వంకా నా వంకా చూసింది. "మీరు చెప్పిన్రు, మా చెల్లె విన్నది, నేను అలిగిన. ముగ్గురం కలిసే చేసినం ఈ పని" అంది. "ఏడ్వకున్రి మేడమ్. గిట్ల ఇంటిదాక వచ్చి చెప్పినోళ్లను నేను సూడలే. కూసోండ్రి, చాయ్ పెడ్త."

మంచం మీద ముగ్గురం పక్కపక్కన ఒదిగి కూర్చుని తాగాం. తాగుతూ తాగుతూ అక్క మేడమ్ కుర్తీ నడుము దగ్గర రెండు వేళ్లతో పట్టి చూసింది. "బాగ లూజైంది. ఈ నడుమ చిక్కిన్రా ఏంది?" మేడమ్ నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు. ఆ మధ్య తన పరిస్థితీ ఏం బాగాలేదని, నిద్ర పట్టడం లేదని అప్పుడు చెప్పారు. అక్క ఆమెకి తన నైటీ ఒకటి తొడిగించి, అక్కడే కూర్చోబెట్టి, ఆ కుర్తీకి సైడ్లు పట్టి ఇచ్చింది.

అక్కని మళ్లీ కొట్టుకి రమ్మని నేను అడగలేకపోయాను. గుమ్మం దాటుతుంటే ఆమే అంది. "బోర్డు మీద ఆల్టరేషన్లని రాయిస్తవా? పెద్ద అక్షరాలల్ల?"

రాయించాను. అక్క రెండు రోజులు బెట్టు చేసి, మూడో రోజు కత్తెర పట్టుకుని వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే మళ్లీ రావడం మొదలుపెట్టారు. కొట్టు మునుపటిలా అవడానికి చాలా నెలలు పట్టింది. అద్దాలూ బొమ్మలూ ఇప్పటికీ లేవు.

అక్క తిరిగొచ్చాక వచ్చిన మొదటి శనివారం మేడమ్, "మీ సంగతి మీటింగ్‌లో చెప్పొచ్చా? మీకు ఇబ్బందైతే వద్దు" అని అడిగారు. సరేనని అక్కని కూడా తీసుకెళ్లాను. ఏ తెర మీద నా వీడియో వేసేవారో దాని ముందే నిలబడి, దేన్నీ చక్కదిద్దకుండా అంతా చెప్పారు. మొబైల్ షాపు నడిపే ఒకాయన లేచి, "మరి ఇప్పుడు మీ మాట మేమెట్లా నమ్మాలి మేడమ్?" అని అడిగాడు.

"పూర్తిగా నమ్మకండి. ఎందుకు చెబుతున్నానో అడగండి. మీ కొట్టు చూడకుండా ఇక ఎవరికీ చెప్పను. చెప్పినదాంట్లో తేడా వస్తే పిలవండి, వస్తాను" అన్నారు.

ఆయన మళ్లీ రాలేదు. ఇంకా కొందరు మానేశారు. మేడమ్ పెద్ద హాలు వదిలి చిన్న గదిలోకి మారారు. ఎండలో ఆటోల్లో తిరుగుతూ ఒక్కొక్కరి కొట్టులో పొద్దంతా కూర్చుని వచ్చేవారు. అలసిపోయిన రోజు మా దగ్గర ఆగి అక్కతో పెరుగన్నం తినిపోయేవారు.

ఈ మధ్య కూకట్‌పల్లిలో నేనుండే వీధిలోనే కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ నన్ను అడిగింది. "ఆ మేడమ్ నీకు తప్పు సలహా ఇచ్చిందట కదమ్మా. ఇంకా ఆమె దగ్గరికే ఎందుకు పోతావు?"

"తప్పే చెప్పారండి. ఆ తప్పు చెప్పుకోడానికి మా అక్క ఇంటికి కూడా వచ్చారు. మీరూ ఒకసారి కలవండి" అని తీసుకెళ్లాను.

మేడమ్ ఆవిడ చెప్పిందంతా విన్నారు. మర్నాడు కర్రీ పాయింట్‌కి వచ్చి సాయంత్రం దాకా ఉన్నారు. ఆ మరుసటి వారం మమ్మల్ని తన గదికి పిలిచి, "చూశానండి. వంట వ్యాపారం గురించి మీకు చెప్పేంత నాకు తెలియదు. తెలిసినట్టు చెబితే మళ్లీ అదే పని చేసినట్టవుతుంది. అమీర్‌పేటలో చాలా ఏళ్లు మెస్ నడిపిన ఆయన ఉన్నారు, మీరు వస్తారని ఆయనకి చెబుతాను" అన్నారు.

తిరిగొస్తూ మెట్రోలో ఆవిడ ముఖం ముడుచుకుని కూర్చుంది. "ఇంత దూరం వచ్చింది తెలియదనిపించుకోడానికా?" అని సణిగింది. అమీర్‌పేటలో రైలు మారి సీటు దొరికాక సంచీ ఒళ్లో సర్దుకుంటూ, "ఆ మెస్ ఆయన దగ్గరికి రేపు వెళ్దామా? నువ్వూ రా" అంది.