లక్ష్మీరాజం సారు ఎలక్ట్రాన్లు

లక్ష్మీరాజం సారు ఒంట్లో ఎలక్ట్రాన్లు ఎక్కువ. ఇది వైద్యులు తేల్చింది కాదు, ఆయన చెప్పుకునేదే. ఊరుగాని ఊరు భేస్తాన్‌లో, మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగు కార్మికుల పిల్లలకు ఆయన సైన్సు ట్యూషన్ చెప్పేవాడు. వాళ్లు అభిమానంతో ఇచ్చేవి పాలియెస్టర్ చొక్కాలే. ఆ రాపిడికి ఒంటికెక్కిన చార్జ్ దించుకోనిదే ఆయన ఏ గడపా దాటడు. తాళంచెవితో ఆ ఇంటి ఇనుప జాలీ తలుపును తాకి, "మెరిసిందా?" అని అడుగుతాడు. ఒక పెళ్లిలో అక్షింతలు వేయబోతూ పెళ్లికొడుకు కూర్చున్న ఇనుప కుర్చీని తాకాడు. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు.

"ఎలక్ట్రాన్లే ఎందుకు దిగుతయి సారూ?" అని పొరుగింటి నర్సవ్వ ఒకసారి అడిగింది.

"ప్రోటాన్లు కేంద్రకంల గట్టిగ కూసుంటయి. తిరుగుబోతులు ఎలక్ట్రాన్లే."

"మా ఆగయ్య లెక్క."

2020 జూలైలో ఆ ఆగయ్యను కరోనాతో ఆసుపత్రికి తీసుకుపోయారు. భార్య నర్సవ్వ జ్వరంతో ఒంటరిగా మిగిలింది. ఆమె గుమ్మం దగ్గరికి రాగానే జనం అడుగుల వేగం పెంచేవారు. కింది గదిలో ఒంటరిగా ఉండే బిక్షపతి అంతకుముందే జ్వరంతో పోయిన సంగతి, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. నర్సవ్వకు ఆ వాసనే గుర్తొచ్చేది.

సారు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, ముఖానికి గుడ్డ కట్టుకుని, దూరం నుంచే చెయ్యి చాపి జాలీని టంగుమని తాకేవాడు.

"మెరిసిందా?"

"పండుకున్న సారూ. కనవడది."

"లేచి చూడు. ఇంకా ఉన్నట్టున్నయి."

ఆమె గోడ పట్టుకుని వచ్చేది. "మెర్వలే. నా పానం పోతుంటె నీ లొల్లి ఏంది?"

"రేపు మళ్ల చూద్దాం," అని ఆయన తృప్తిగా వెళ్లేవాడు.

ఒకనాడు జవాబు రాలేదు. తాళంచెవి మోతకు ఆ గదుల వరుసంతా బయటికి వచ్చింది. సారు గొళ్లెం విరగ్గొట్టించి, ఆమెను అంబులెన్సు ఎక్కించాడు.

కొన్నాళ్లకు ఆమె, ఆ వెనుక ఆగయ్య ఇల్లు చేరారు. వాన కురుస్తున్న ఒక పొద్దున జాలీ మళ్లీ టంగుమంది.

"సారూ," అంది నర్సవ్వ, "తడిగాలిల చార్జ్ నిలువదని పిల్లలకు నువ్వే చెప్తవు గద. గింత వానల రోజూ వచ్చి ఏం దించినవు?"

సారు తాళంచెవిని చొక్కాకు తుడిచాడు.

"న్యూట్రాన్లు."

"వాటికి చార్జ్ ఉంటదా?"

"ఉండదు. అందుకే మెర్వలే," అంటూ ఆయన పక్క జాలీ వైపు నడిచాడు. ఆ గదిలో ముత్యానికి రాత్రి నుంచి జ్వరం.